పెరటిలోని దేవగన్నేరు

ఈస్టర్ నాటి తెల్లవారుజామున నాలుగు గంటలకు సమాధుల తోటలోనికి అడుగుపెట్టినవారికి మొదట ఏమీ కనిపించదు. చేతిలోని కొవ్వొత్తి వెలుగు మోకాలి ఎత్తు దాటి పైకి పోదు. సముద్రపు గాలికి అది ఆరిపోయినప్పుడల్లా పక్కవారి కొవ్వొత్తితో మళ్ళీ వెలిగించుకోవలసివస్తుంది. అంతకు వారం రోజుల ముందే కుటుంబాలవారు వచ్చి గడ్డి పీకి, సమాధులకు సున్నం వేసి, చెరిగిపోయిన పేర్లకు నల్లరంగు దిద్ది ఉంటారు. అందుచేత ఆ చీకటిలో తెల్లని పలకలు మాత్రం మసకగా తోస్తాయి. ఏ పలక ఎవరిదో పోల్చుకోవడం కష్టమే. మా అమ్మ సమాధి దగ్గరకు నేను కళ్ళతో వెళ్ళను. తూర్పు గోడ వైపునుంచి వచ్చే దేవగన్నేరు వాసన పట్టుకొని వెళతాను.

ఆ రోజులలో ఆ చెట్టుకు ఆకు ఉండదు. ఉబ్బిన వేళ్ళవంటి బూడిదరంగు కొమ్మలు, వాటి కొనలలో మాత్రం నడుమ పసుపు అద్దిన తెల్లని పూల గుత్తులు. కొన్ని పూలు అప్పటికే రాలి పలక మీద పడి ఉంటాయి. మేము తీసుకొనివెళ్ళిన బంతిపూల దండ వాటి పక్కన కొంచెం మోటుగానే కనిపిస్తుంది.

ఈ చెట్టును గురించి మన పత్రికకు రాయాలన్న సంకల్పం కలగడానికి ఒక కారణమున్నది. కొద్ది రోజుల క్రితం మా విభాగంలో కొత్తగా చేరిన యువ ఇంజనీరు ఒకరు నా బల్ల దగ్గరకు వచ్చి ఒక కాగితం చేతికిచ్చారు. తనకు కేటాయించిన క్వార్టర్ ముందున్న చెట్టును తొలగించవలసిందిగా సివిల్ విభాగానికి రాసుకున్న దరఖాస్తు అది. భాష ఒకసారి సరిచూడమని అడిగారు. కారణం కింద ఇలా రాసుకున్నారు: శ్మశానంలో ఉండవలసిన చెట్టు ఇంటి ముందు ఉండడం వల్ల తల్లిగారికి మనశ్శాంతి లేదు. నేను అందులో రెండు అక్షరదోషాలు దిద్ది, కాగితం తిరిగి ఇస్తూ, “రెండు వారాలు ఆగి ఇవ్వగలరా?” అని అడిగాను. ఎందుకని ఆయన అడగలేదు. అడిగితే అక్కడికక్కడే చెప్పగలిగేవాడిని కాను. చెప్పవలసినది కొంచెం పొడుగు.

దేవగన్నేరును ఎరుగనివారు మన టౌన్‌షిప్పులలో ఉండరు. అతిథి గృహం ముందు, పాఠశాల ఆవరణలో, గుడి మెట్ల పక్కన ఎక్కడో ఒకచోట అది ఉండనే ఉంటుంది. కొందరు వాడగన్నేరు అంటారు. మరాఠీవారికి అది చాఫా, బెంగాలీవారికి కాఠ్‌గోలాప్, ఒడియావారికి కాఠచంపా. సింహళంలో అరళియ. శ్రీలంకలోని బౌద్ధ విహారాలలో బుద్ధుని ముందు పళ్ళెములలో పేర్చి సమర్పించే పూలలో ఇది ముఖ్యమైనది. మన తెలుగు పేరు పెట్టిన పెద్దలెవరో గాని చూపు గలవారు. గన్నేరు, పచ్చగన్నేరు, బిళ్ళగన్నేరు, నందివర్ధనం, దేవగన్నేరు అన్నీ శాస్త్రరీత్యా ఒకే కుటుంబానికి చెందినవి. తుంచితే పాలు కారడం ఆ ఇంటి లక్షణం. ఆ పాలు ఒంటికి తగిలితే కొందరికి దురద పుడుతుంది, కంటికి తగలనీయరాదు. పశువులు ఆ చెట్టు జోలికి సాధారణంగా రాకపోవడానికీ అదే కారణం.

ఇంత ఆత్మీయంగా పేర్లు పెట్టుకున్న ఈ చెట్టు పుట్టిల్లు మన దేశం కాదు. మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవులు దాని స్వస్థలం. యూరోపియన్ల ఓడలు సముద్రాలను కలిపిన తరువాత, మన మిరపకాయవలెనే, అదీ ఇటు చేరింది. నికరాగ్వా దానిని జాతీయ పుష్పంగా పెట్టుకున్నది. ఇటు ఆసియాలో, ఎక్కడినుంచో వచ్చి చేరిన ఈ పువ్వునే లావోస్ కూడా జాతీయ పుష్పం చేసుకున్నది. గుడి ముందు నిలబడిన ఈ చెట్టును నీ ఊరు ఏదని మనవారెవరూ అడిగినట్లు లేదు. దర్గాలలో ఉన్నది, విహారాలలో ఉన్నది, చర్చి ఆవరణలలో ఉన్నది. దేశం నలుమూలలనుంచి బదిలీల మీద వచ్చి ఒకే వీధిలో కాపురముండే మనవంటివారికి ఈ మాట వేరే విప్పి చెప్పనక్కరలేదు.

దాని శాస్త్రీయ నామం ప్లుమేరియా. ఆ పేరు వెనుక ఒక సన్యాసి ఉన్నాడు. ఫ్రాన్సులోని మార్సెయ్ నగరంలో 1646లో జన్మించిన షార్ల్ ప్లూమియే, మినిమ్ అనే క్రైస్తవ సన్యాసి సంఘంలో చేరాడు. సన్యాసులందరూ చేసే మూడు ప్రతిజ్ఞలకు తోడు ఆ సంఘంవారికి నాలుగవది ఒకటున్నది: ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమదినాలలో తినే ఉపవాస భోజనాన్నే ఏడాది పొడుగునా, జీవితాంతం తినడం. మాంసం, గుడ్లు, పాలు నిషిద్ధం. అటువంటి నియమం పట్టినవాడు 1689 మొదలు మూడుమార్లు కరీబియన్ దీవులకు వెళ్ళి మొక్కలను చూసి, బొమ్మలు గీసి, గ్రంథాలు రచించాడు. 1704లో మరొక ప్రయాణానికి సిద్ధమవుతూ స్పెయిన్ రేవు పట్టణమొకదానిలో కన్నుమూశాడు. సమకాలికుడైన వృక్షశాస్త్రవేత్త తూర్న్‌ఫోర్ ఆయన పేరును ఈ చెట్టుకు పెట్టగా, 1753లో లినేయస్ దానిని స్థిరపరిచాడు. శ్రమదినాల భోజనం తప్ప ఎరుగని మనిషి పేరు, శ్రమదినాలంతా మోడుగా నిలిచి ఈస్టర్ నాటికి పూసే చెట్టుకు దక్కడం కేవలం కాకతాళీయమే కావచ్చు. నాకు మాత్రం ఆ సంగతి చదివిననాడు మనసు నిండింది.

ఇంగ్లీషులో వాడుకలో ఉన్న ఫ్రాంజిపానీ అనే మాట కథ మరొకటి. పదహారవ శతాబ్దంలో ఇటలీలోని ఫ్రాంజిపానీ వంశంవారి పేరుతో చేతి తొడుగులకు పూసే పరిమళమొకటి ప్రసిద్ధి పొందింది. తరువాత ఈ పువ్వును చూసినవారికి ఆ వాసన జ్ఞాపకం వచ్చి, అదే పేరుతో పిలిచారు. సాధారణంగా పువ్వునుబట్టి అత్తరుకు పేరు వస్తుంది. ఇక్కడ జ్ఞాపకంలోని అత్తరునుబట్టి పువ్వుకు పేరు వచ్చింది.

ఆ వాసన పొద్దుగూకిన తరువాత హెచ్చుతుంది. రాత్రులు తిరిగే పెద్ద చిమ్మటల కోసం ఆ ఏర్పాటు. అయితే పువ్వులో తేనె చుక్క అయినా ఉండదు. వాసనను నమ్మి వచ్చిన చిమ్మట ఒక పువ్వునుంచి మరొక పువ్వుకు వెతుక్కుంటూ పోయి, పుప్పొడి మోసిపెట్టి, ఉత్తచేతులతో వెళ్ళిపోతుంది. 1984లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఈ తంతును వివరంగా రాసి, మోసంతో సాగే పరాగసంపర్కమని పేరు పెట్టింది. మన తోటలలోని దేవగన్నేరు చాలా అరుదుగా తప్ప కాయ కాయదు. కాయ లేదు కనుక విత్తనం లేదు. విత్తనం లేదు కనుక పక్షి తెచ్చి వేసినదో, గాలికి ఎగిరి వచ్చినదో అనడానికి వీలులేదు. మనం చూసే ప్రతి దేవగన్నేరూ, దాదాపుగా, ఎవరో ఒకరు ఒక కొమ్మ నరికి, ఎక్కడినుంచో మోసుకొని వచ్చి, చేతులతో నాటినదే. ఆ ఎవరో ఒకరు ఎందుకు నాటారన్నది చెట్టును చూస్తే తెలియదు.

మా ఇంటి చెట్టు విషయంలో అది తెలియడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది.

మా నాన్నగారు మన విశాఖపట్నం యూనిట్‌లో 1979లో ఫిట్టర్‌గా చేరారు. 1981లో క్వార్టర్ కేటాయించారు. నేను పుట్టి పెరిగినది అక్కడే. రెండు గదులు, వంటిల్లు, వెనుక నాలుగు అడుగులు వేస్తే గోడ తగిలే పెరడు. ఆ గోడ మూలన దేవగన్నేరు. అమ్మ దాని కింద గిన్నెలు తోమేది. వేసవిలో మేము మంచాలు పెరటిలో వేసుకొని పడుకునేవాళ్ళం. రాత్రి రెండో షిఫ్టు ముగిసి నాన్నగారు సైకిలు గోడకు చేర్చి లోపలికి వచ్చేసరికి, గ్రీజు వాసన, లైఫ్‌బాయ్ సబ్బు వాసన, దేవగన్నేరు వాసన మూడూ కలిసి ఒకటిగా తగిలేవి. ఈనాటికీ నాకు ఇల్లు అంటే ఆ మూడు వాసనల కలయికే. మిగిలిన ఇంద్రియాల సమాచారం మెదడులో ఒక మజిలీ దాటి గాని ముందుకు పోదనీ, వాసన మాత్రం భావోద్వేగానికి, జ్ఞాపకానికి సంబంధించిన భాగాలను సూటిగా చేరుకుంటుందనీ శాస్త్రజ్ఞులు చెబుతారు. అమ్మ ఆ సంగతి చదువుకోలేదు. “ముక్కు మరిచిపోదు” అని మాత్రం అనేది.

ఇరుగుపొరుగు ఆక్షేపించకపోలేదు. ఎదుటి ఇంటి పెద్దావిడ అమ్మను పిలిచి, “ఇంట్లో పిల్లలున్నారు, శ్మశానం చెట్టు పెంచుకుంటారా అమ్మా?” అని మంచిగానే చెప్పింది. ఆమె మాటలో ద్వేషం లేదు, భయమే ఉన్నది. మన దేశంలోనే కాదు, థాయ్‌లాండ్‌లో కూడా ఈ భయం ఉండేది. అక్కడ దాని పాత పేరు లంథోమ్. దుఃఖమనే అర్థమిచ్చే మరొక మాటకు ఆ పేరు దగ్గరగా వినిపించడంతో దానిని ఇళ్ళలో పెంచేవారు కారు. తరువాత లీలావదీ అని పేరు మార్చి ఇళ్ళలోకి ఆహ్వానించారు. పేరు మార్చితే దోషం పోయినది గనుక దోషం చెట్టుది కాదని ఒప్పుకోవాలి. ఫిలిప్పీన్స్‌లో జనం అత్యధికులు క్రైస్తవులు. కలచూచి అని పిలిచే ఈ చెట్టు అక్కడి సమాధుల తోటలలో ఎంతగా పెరిగిందంటే, ఆ వాసన తగిలితే చావు గుర్తుకు వస్తుందనేవారు అక్కడా ఉన్నారు.

సమాధుల దగ్గర ఈ చెట్టునే ఎందుకు నాటుతారు? నా ఉద్దేశంలో కారణాలు చాలా సామాన్యమైనవి. రోజూ వచ్చి నీరు పోసేవారు అక్కడ ఉండరు, దీనికి అక్కరలేదు. గోడ లేని తోటలో మేకలు తిరుగుతాయి, దీనిని ముట్టవు. పేదవారికి చెట్టు కొనే స్తోమతు ఉండదు, దీనికి ఒక కొమ్మ చాలు. పైగా కోసేవారు లేకపోయినా పువ్వు చెడకుండా, రెక్క విడకుండా రాలుతుంది. ఏ కొడుకూ కూతురూ రాలేని రోజున కూడా ఆ సమాధి మీద పువ్వు ఉంటుంది. శ్మశానం చెట్టు అని వెలివేసినవారికి ఇది అపశకునంగా కనిపించడం, ఆ తోటలో తనవారు ఉన్నవారికి ఇదే ఉపకారంగా కనిపించడం, రెండూ నాకు అర్థమవుతాయి.

ఎదుటింటావిడ మాటకు అమ్మ ఏమీ బదులు చెప్పలేదు. నాన్నగారికి చెప్పినట్టున్నది. ఆయనా ఏమీ అనలేదు. మరుసటి ఆదివారం ఆ చెట్టు పాదు చుట్టూ ఇటుకలు పేర్చి తెల్లరంగు వేశారు.

2014 జూన్ నెలాఖరున నాన్నగారు పదవీ విరమణ చేశారు. శాలువా, వెండి జ్ఞాపిక, ఫోటో. ఆగస్టులో క్వార్టర్ ఖాళీ చేసి పెందుర్తి వైపు కట్టుకున్న చిన్న ఇంటికి మారారు. ముప్పైమూడేళ్ళ సామానును ఒక లారీలో సర్దడం తేలిక కాదు. ఆ గందరగోళంలో చెట్టునుంచి ఒక కొమ్మ తీసుకోవడం మరిచారు. వానలు తగ్గాక వచ్చి తీసుకుంటానని, కొత్తగా ఆ క్వార్టర్‌లోకి వచ్చిన ఒడియా కుటుంబానికి చెప్పివచ్చారు. అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద విరుచుకుపడింది. ఆనాటి నగరాన్ని చూసినవారికి వర్ణన అనవసరం. కొండలు రంగు మారిపోయాయి. కూలిన చెట్లను లెక్కించేవారు లేరు. నేను అప్పుడు మరొక రాష్ట్రంలోని యూనిట్‌లో పనిచేస్తున్నాను. నాలుగు రోజులకు గాని ఇంటికి ఫోను కలవలేదు, ఆరవ రోజుకు గాని చేరలేదు.

నేను వచ్చిన సాయంత్రమే ఆ ఒడియా సహోద్యోగి నాన్నగారికి ఫోను చేశారు. చెట్టు మొదలుతో సహా కూలిపోయిందని చెప్పారు. దేవగన్నేరు కొమ్మ పెళుసు, ఆ గాలికి నిలువలేదు. నాన్నగారు “అలాగా” అని ఫోను పెట్టివేశారు. కరెంటు లేదు. కొవ్వొత్తి వెలిగించుకొని ముగ్గురం కూర్చున్నాము. పదవీ విరమణ నాడు కంట తడి పెట్టని మనిషి, ఆ వెలుతురులో ముఖం పక్కకు తిప్పుకొని చాలాసేపు కూర్చున్నారు. తరువాత ఒక్కమాట అన్నారు.

“మా అమ్మకి సమాధి లేదు రా. ఆ చెట్టే.”

నాన్నగారిది దివిసీమ. కృష్ణానది రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసేచోటి లంక ప్రాంతం. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన అక్కడ ఏమి చేసినదో పెద్దలకు తెలుసు, పిల్లలకు చెప్పాలి. ఐదు మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ళ మీదికి నడిచివచ్చింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే పదివేల మంది వరకు మరణించారు. అప్పుడు నాన్నగారికి ఇరవైమూడేళ్ళు. విజయవాడలో ఒక వర్క్‌షాపులో పని నేర్చుకుంటున్నారు. తండ్రి అంతకు ముందే పోయారు. ఊళ్ళో తల్లి ఒక్కతే. దారులు తెగిపోయి, నడిచి, పడవ ఎక్కి, మళ్ళీ నడిచి ఐదవనాటికి ఊరు చేరారు. ఇల్లు ఉన్న చోట మట్టి అరుగు ఉన్నది. తల్లి లేదు. దొరికినవారిని దొరికినచోట, ఎవరెవరో చూడకుండా, ఒకే గోతిలో పూడ్చిపెడుతున్న రోజులు. ఆమె ఆ గోతులలో ఏదో ఒకదానిలో ఉన్నదో, సముద్రంలోకే పోయినదో, ఈనాటికీ తెలియదు.

చర్చికి కప్పు లేదు. గోడల నడుమ బురద. ఆవరణలో దేవగన్నేరు మాత్రం సగం కొమ్మలు విరిగి, ఒక పక్కకు ఒరిగి నిలిచి ఉన్నది. ఆదివారం ఉదయం గంట మోగకముందే ఆ చెట్టు కింద పూలు ఏరి, ఇత్తడి గిన్నెలో నీళ్ళు పోసి, బల్ల మీద పెట్టడం మా నాయనమ్మ పని. ఎవరూ అప్పగించిన పని కాదు, తాను పెట్టుకున్న పని. విరిగి వేలాడుతున్న కొమ్మలలో ఒకదానిని నాన్నగారు కోసి, గోనెపట్టాలో చుట్టి విజయవాడ తీసుకొనివెళ్ళారు. అద్దె గదిలో డాల్డా డబ్బాలో ఇసుక పోసి నాటారు. ఉద్యోగం వచ్చి విశాఖ రైలెక్కినప్పుడు ఆ డబ్బా ఒడిలో పెట్టుకున్నారు. క్వార్టర్ దొరికే వరకు రెండేళ్ళు అది ఆ డబ్బాలోనే ఉన్నది.

“నీకు తెలుసా?” అని అమ్మను అడిగాను. “పెళ్ళయిన వారానికే చెప్పారు” అన్నది. మాకు ఎందుకు చెప్పలేదని అడిగితే, “మంచాలు దాని కిందే వేసుకునేవారు కదరా, భయపడతారని” అన్నది.

మరునాడు నేను టౌన్‌షిప్పుకు వెళ్ళాను. పెరటి గోడ కూలి, దాని మీద చెట్టు. నేను వెళ్ళేసరికే కోతకు వచ్చిన మనుషులు దుంగలు చేస్తున్నారు. ఆ ఇంటి ఇల్లాలు నన్ను లోపలికి పిలిచి వరండా చూపించారు. మోచేతి పొడవున కోసిన పదకొండు కొమ్మలు నీడన వరుసగా పరిచి ఉన్నాయి. కోతచోట పాలు ఆరి తెల్లగా పొర కట్టి ఉన్నది. “అంకుల్ అడిగి వెళ్ళారు కదా. మా ఊళ్ళో కూడా ఇలాగే ఆరబెడతారు. కాఠచంపా ఊరికే చావదు” అన్నారు, వచ్చీరాని తెలుగులో. ఆమె పూజగదిలో ఇత్తడి పళ్ళెంలో మా చెట్టు పూలే, వాడిపోయినవి, ఉన్నాయి. రెండు నెలలుగా ఆమె రోజూ ఏరి పెడుతున్నదట. నేను మా నాయనమ్మ సంగతి ఆమెకు చెప్పలేదు. చెప్పి ఉండవలసినదేమో. ఆ పదకొండులో రెండు ఆమెకే వదిలి, తొమ్మిది తెచ్చుకున్నాను.

క్రైస్తవ విశ్వాసంలో సమాధికీ తోటకూ ఉన్న సంబంధం సువార్తలలోనే ఉన్నది. యేసును ఉంచిన సమాధి ఒక తోటలో ఉన్నదని యోహాను రాస్తాడు. ఆదివారం చీకటితోనే అక్కడికి వచ్చిన మగ్దలేనే మరియ, ఎదుట నిలిచినవానిని తోటమాలి అనుకుంటుంది. ఆమె పొరపాటును ఎందరో బోధకులు ఎన్నో విధాలుగా వ్యాఖ్యానించారు. చెట్లు నాటేవారికి మాత్రం అది అంత పెద్ద పొరపాటుగా తోచదు. వాసనకూ అక్కడ చోటున్నది. దేహాన్ని పాతిపెట్టడానికి నికొదేము బోళము, అగరు తెస్తాడు. అంతకు కొద్దిరోజుల ముందు బేతనియలో మరియ యేసు పాదాలకు పూసిన అత్తరు ఇల్లంతా నిండిపోతుంది. అది జటామాంసి. జటామాంసి పెరిగేది మన హిమాలయాలలో. ఆ సాయంత్రం పాలస్తీనాలోని ఒక ఇంట్లో నిండిన సుగంధం ఇటునుంచి వెళ్ళిన వేరు తీసినది. మన పెరటి దేవగన్నేరు అటునుంచి ఇటు వచ్చింది. సరుకు మారింది, దారి అదే.

సమాధుల దగ్గర పూలు పెట్టడం, కొవ్వొత్తులు వెలిగించడం అవసరం లేదని చెప్పే బోధకులు మా సంఘాలలో ఉన్నారు. చనిపోయినవారు అక్కడ లేరు, రాళ్ళకు పూలెందుకని అడుగుతారు. వాక్యరీత్యా వారితో వాదించేంతటి చదువు నాకు లేదు. కాని ఆ మాట అన్నవారెవరికైనా, తల్లికి రాయి కూడా దక్కని మనిషి ఒక డాల్డా డబ్బాను ఒడిలో పెట్టుకొని రాత్రంతా రైలులో కూర్చోవడం ఎందుకో తెలుసునా అని అడగాలనిపిస్తుంది. నాన్నగారు ఆ చెట్టుకు మొక్కలేదు, దాని ముందు ప్రార్థించలేదు. ఈస్టర్ నాడు చర్చినుంచి వచ్చిన తరువాత దాని కింద కుర్చీ వేసుకొని కాఫీ తాగేవారు. అంతే.

తెచ్చిన తొమ్మిదింటిలో నాలుగు కుళ్ళిపోయాయి. ఆ తప్పు నాది. ప్రేమకొద్దీ రోజూ నీరు పోశాను. పాఠకులలో ఎవరైనా నాటదలిస్తే ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోవాలి. ముదిరిన కొమ్మను మూరెడు పొడవున కోసి, ఆకులు దులిపి, వారం పది రోజులు నీడన ఆరనివ్వాలి. కోతచోట గట్టి పొర కట్టిన తరువాతనే, నీరు నిలువని ఇసుక మన్నులో జానెడు లోతున పాతాలి. ఒకసారి తడిపి, ఆకు మొలక కనిపించేదాకా దాదాపు మరిచిపోవాలి. ఎండ బాగా తగలాలి. వానకాలంలో ఆకు అడుగున నారింజరంగు పొడి కనిపిస్తే అది తుప్పు తెగులు. ఆ ఆకులను ఏరి దూరంగా పారవేయాలి. కొమ్మకు వేరు రాకముందే ఒక్కొక్కసారి పూలు వస్తాయి. వాటిని చూసి బతికిందని సంతోషించరాదు. తనలో దాచుకున్నదానితో పూసిన పువ్వది. ఆకు వేసి నిలిస్తేనే నమ్మాలి.

మిగిలిన అయిదూ నిలిచాయి. ఒకటి పెందుర్తి ఇంటి గేటు పక్కన ఉన్నది. ఒకటి మా చెల్లెలు హైదరాబాదు తీసుకొనివెళ్ళి అపార్టుమెంటు మేడ మీద కుండీలో పెంచుతున్నది. ఒకటి నాన్నగారే 2016లో దివిసీమకు తీసుకొనివెళ్ళి, తిరిగి కట్టిన చర్చి ఆవరణలో నాటివచ్చారు. పాత చెట్టు ఎప్పుడో పోయిందట. ఒక కుండీ బల్ల కింద అలా ఉండిపోయింది, ఎవరికి ఇవ్వాలో తెలియక. 2018 సెప్టెంబరులో అమ్మ పోయినప్పుడు, నలభయ్యవనాటి ప్రార్థన ముగిసిన తరువాత, నాన్నగారు ఆ కుండీని ఎత్తుకొని ఆటో ఎక్కారు. సమాధుల తోట కాపరి గునపం ఇవ్వబోతే వద్దని, తానే తవ్వారు. అయిదవది నాతోబాటు బదిలీల మీద తిరుగుతూ ఇప్పుడు నా క్వార్టర్ ముందు ఉన్నది.

యువ ఇంజనీరుగారు చెప్పిన చెట్టును మొన్న సాయంత్రం వెళ్ళి చూసివచ్చాను. మొదలు లావునుబట్టి ముప్పై ఏళ్ళకు తక్కువ ఉండదు. ఆ క్వార్టర్‌లో అంతకు ముందు ఎవరెవరు ఉన్నారో ఎస్టేట్ విభాగంలో పాత రిజిస్టరు తీయించి చూశాను. ఏడు కుటుంబాలు, ఆరు రాష్ట్రాలు. ఎవరు నాటారో ఆ రిజిస్టరులో ఉండదు. ఆయన తల్లిగారు గుమ్మంలో కూర్చొని ఉన్నారు. నమస్కారం చేసి, ఎందుకు వచ్చానో చెప్పి, మా నాయనమ్మ కథ ఆమెకు చెప్పాను. ఒడియా ఇల్లాలికి చెప్పలేకపోయినది ఈమెకు చెప్పగలిగాను. ఆమె మధ్యలో ఒక్కమాటా అడగకుండా విన్నారు. చివరన, “ఏ ఊరు అన్నావు బాబూ?” అని అడిగారు. చెప్పాను. “మా పెద్దన్నయ్య వాళ్ళూ ఆ ఉప్పెనలోనే” అని ఊరుకున్నారు.

దరఖాస్తు సంగతి నేను ఎత్తలేదు, ఆమె ఎత్తలేదు. వచ్చేటప్పుడు ఆ చెట్టునుంచి ఒక కొమ్మ అడిగి కోసుకున్నాను. అది ఎర్రపువ్వు రకం, మా దగ్గర లేదు. ఇప్పుడు మా వరండాలో ఆరుతున్నది. ఇవాళ్టికి ఎనిమిదవ రోజు. పెందుర్తినుంచి నాన్నగారు ఫోను చేసినప్పుడల్లా ముందు దాని సంగతే అడుగుతున్నారు. ఆదివారం నాటుతాను.